నేను డీజిల్ బుల్లెట్‌ని

నాకు స్పార్క్ ప్లగ్గు లేదు, కార్బొరేటరు లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నాలో డీజిల్ అంటుకుంటుంది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో, పెట్రోల్ బుల్లెట్లు తయారయ్యే ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలోనే నేనూ పుట్టాను. చాసిస్సు, నాలుగు గేర్ల బాక్సు ఆ బుల్లెట్‌వే. ఇంజను మాత్రం వేరే వంశం. ఇటలీ లొంబార్డినీ డిజైను, మన దేశంలో గ్రీవ్స్ తయారీ. పొలాల్లో నీళ్లు తోడిన ఇంజన్లకు నేను తోబుట్టువుని. 325 సీసీ, 6.5 హార్స్ పవర్. తిన్నని రోడ్డు మీద గంటకు 65 కిలోమీటర్లు దాటితే గొప్ప. కంపెనీ కాగితాల్లో నా పేరు టారస్. అనకాపల్లిలో ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. అందరికీ పంపుసెట్టు బండినే.

నన్ను కొన్నది ఆ ఊరి బెల్లం మార్కెట్లో కొట్టున్న షావుకారు. ఆ రోజుల్లో డీజిల్ ధర పెట్రోల్ ధరలో సగం కూడా ఉండేది కాదు. లీటరు పోస్తే 70 కిలోమీటర్ల దాకా లాగేదాన్ని. వెనక సీటు మీద బస్తా కట్టుకుని చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేవారు. వెళ్లేటప్పుడు బెల్లం, వచ్చేటప్పుడు మన్యం పసుపు, చింతపండు.

నన్ను స్టార్ట్ చేయడం ఒక పద్ధతి. డీజిల్ ఇంజన్లో గాలి పెట్రోల్ ఇంజన్లో కంటే రెండింతలకు పైగా నొక్కుకుంటుంది కాబట్టి ఊరికే కిక్ రాడ్ మీద ఎగిరితే అది దిగదు. ముందు డీకంప్రెసర్ లాగి, లోపలి గాలి బయటికి వదిలి, పిస్టన్ పైకొచ్చిన చోటును కాలితో వెతికి పట్టుకోవాలి. అప్పుడు డీకంప్రెసర్ వదిలేసి, మనిషి బరువంతా వేసి ఒక్క తొక్కు. షావుకారు పంచె ఎగ్గట్టి, చెప్పు విడవకుండా ఆ తొక్కు తొక్కితే ఒక నల్ల పొగ మబ్బు లేచేది, ఆ వెంటనే నా దడదడ బజారంతా వినిపించేది. ఆ చప్పుడుకి కొట్ల వాళ్లు "షావుకారు కొండకెళ్తన్నాడు" అనుకునేవారు.

ఇప్పుడు నన్ను నడిపేది ఆయన మనవడు. విశాఖపట్నంలో ఉద్యోగం. పాడేరు ఘాట్ ఎక్కి, హుకుంపేట మీదుగా అరకు వెళ్లి, అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోట దిగడం అతనికి ఇష్టమైన చుట్టు. అనంతగిరిలో, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు మొదలయ్యే చోట ఒక పాక హోటలుంది. అక్కడ ఘాట్ ఎక్కే మా బళ్లన్నీ వరసగా స్టాండు వేసి ఉంటాయి. మనుషులు కాఫీ గ్లాసులు పట్టుకుని మా గురించి మాట్లాడుకుంటారు. ఆ మాటలు నాకు ప్రాణం.

"ఏటి గురూ, నీ పంపుసెట్టు గాలికొండ ఎక్కుద్దా?" అని కొత్తగా వచ్చిన కుర్రాడెవరో అడిగాడు ఒకసారి. అతని బండి నా కంటే ఎన్నో రెట్లు బలమైనది.

"ఎక్కడం గురించి ఎందుకు అడుగుతావ్? రెండో గేరులో ఏసి వదిలేస్తే పొద్దస్తమానం ఎక్కుద్ది. దిగడం గురించి అడుగు," అన్నాడు మావాడు.

అక్కడి నుంచి మాటలు దిగడం మీదకి మళ్లాయి. ఘాట్ రోడ్డు మీద అసలు చర్చ అదే కావాలని నా నమ్మకం. ఎక్కేటప్పుడు కొండే బండిని నెమ్మదిగా ఉంచుతుంది. తప్పు చేసినా వేగం తగ్గుతుంది, అంతే. దిగేటప్పుడు కొండ తోస్తూనే ఉంటుంది, ఆపాల్సిన పనంతా బండిదీ మనిషిదీ. కంపెనీల ప్రకటనల్లో ఎంత వేగం అందుకుంటుందో పెద్ద అక్షరాల్లో రాస్తారు. అరకు నుంచి శృంగవరపుకోట దాకా నిదానంగా పట్టుకుని దిగగలదా అన్నది ఎవరూ రాయరు.

ఆ రోజు నా పక్కన ఒక యెజ్డీ ఉంది. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ బిడ్డ. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. దానికి గేరు లివరూ కిక్ రాడూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్ అవుతుంది. టూ స్ట్రోక్ కదా, ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోస్తారు. దాని యజమాని చెప్పిన సంగతి చాలామంది కొత్తవాళ్లకు తెలియదు. పొడుగాటి దిగుడులో థ్రాటిల్ పూర్తిగా మూసేస్తే పెట్రోల్ ఆగుతుంది, దాంతోపాటు పిస్టన్‌కి అందే ఆయిలూ ఆగుతుంది. చక్రాలు మాత్రం ఇంజన్ని తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్ పట్టేసే ప్రమాదం అక్కడే. "అందుకే దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ పట్టి చిన్నగా రేజు ఇస్తాను బావా. జనం సరదాకి ఇస్తన్నాననుకుంటారు," అన్నాడతను.

సైడ్‌కార్ బిగించిన పాత బుల్లెట్ కూడా వచ్చింది. మా అందరిలోకీ నడపడం కష్టమైనది అదే. మిగతా రెండు చక్రాల బళ్లు వంపులో ఒరుగుతాయి, అది ఒరగదు, హ్యాండిల్ బలంగా తిప్పాల్సిందే. సైడ్‌కార్ ఎడమవైపు కాబట్టి ఎడమ వంపులో వేగంగా పోతే దాని చక్రం గాల్లోకి లేస్తుంది. ఖాళీగా వచ్చేటప్పుడు దాని యజమాని అందులో ఇసుక మూట పెట్టుకుని వస్తాడు. బండి వేగం అందుకుంటే సైడ్‌కార్ వైపు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడివైపు, అంటే ఎదురు బండ్ల వైపు లాగుతుంది. ఘాట్ దిగేటప్పుడు దాదాపు ప్రతి వంపులోనూ బ్రేకు వేస్తూ, హ్యాండిల్‌ని ఎడమకి ఒత్తి పడుతూ రావాలి. భుజాలు పడిపోతాయన్నాడాయన.

కరెంటు స్కూటరు మీద వచ్చిన అమ్మాయి మాట నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది. దిగేటప్పుడు మోటారే జనరేటరులా పనిచేసి బ్యాటరీలోకి కొంత ఛార్జి తిరిగి పంపుతుందట, ఆ పనిలో బండి వేగమూ తగ్గుతుందట. కాని బ్యాటరీ నిండుగా ఉంటే ఆ ఛార్జి పోవడానికి చోటుండదు, ఆ పట్టు సడలుతుంది. "అందుకే అరకులో నిండా ఛార్జి పెట్టను అన్నా, కొంచెం ఖాళీ ఉంచుకుని దిగుతాను," అంది. ఎంత చక్కటి ఆలోచన!

నా వంతు వచ్చింది. డీజిల్ కదా, ఇంజను బాగా పట్టి ఆపుతుంది అని అందరూ అనుకుంటారు. పెట్రోల్ ఇంజన్లో థ్రాటిల్ మూస్తే గాలి దారి మూసుకుపోయి, ఆ ఉక్కిరిబిక్కిరే బండిని వెనక్కి పట్టుకుంటుంది. నాలో గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. థ్రాటిల్ తగ్గిస్తే డీజిల్ తగ్గుతుంది, గాలి తగ్గదు. నొక్కిన గాలి మళ్లీ పిస్టన్‌ని కిందికి తోస్తుంది కాబట్టి పట్టు తక్కువ. లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు విడిగా పెట్టేదీ అందుకే. నాకు అది లేదు. నాకున్నవి రెండు డ్రమ్ము బ్రేకులు, చిన్న గేర్లు. మావాడు ఈ సంగతి తాత దగ్గర నేర్చుకున్నాడు, ఆ కుర్రాడికి విడమరిచి చెప్పాడు.

హోటలు బెంచీ చివర కూర్చున్న పెద్దాయన అంతా వింటున్నాడు. ఆర్టీసీలో ఘాట్ బస్సులు నడిపి రిటైరయ్యాడు. "ఏ బండయినా ఒకటే నాయనా. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. న్యూట్రల్లో మాత్రం వదలకు. బ్రేకు వాసనొస్తే ఆపి టీ తాగు," అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ సాయంత్రం వాన కురిసి వెలిసింది. మంచు దిగింది. నా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈనాటి బళ్లకు ఇది తలకిందులు, అందుకే నన్ను అలవాటు లేనివాళ్లకి ఇవ్వరు. మావాడు రెండో గేరులో దిగుతున్నాడు. ఒక హెయిర్‌పిన్ వంపుకి ముందు హారన్ కొట్టాడు, కింద నుంచి బస్సు హారన్ బదులొచ్చింది. ఆ వంపులో బస్సు తిరగాలంటే రోడ్డంతా కావాలి. మావాడు వంపులోకి దూరకుండా పైనే, ఎడమ అంచున, మట్టి మీదకి పోకుండా తారు మీదే ఆగాడు. పైకి వచ్చే బండికి కిందికి దిగే బండి దారి ఇవ్వాలన్నది రోడ్డు నియమాల్లో రాసే ఉంది. బస్సు ముక్కు ముందు లోయ వైపు వెళ్లి, తర్వాత మెల్లగా తిరిగింది. డ్రైవరు చెయ్యెత్తాడు.

బస్సు పోయాక వంపు నట్టనడుమ తడి తారు మీద ఏడురంగుల మరక మెరిసింది. ఏ లారీ ట్యాంకు నుంచో ఒలికిన డీజిల్. నా ఒంట్లో ఉన్నదే. టైరు కింద పడితే సబ్బు. మావాడు చూపు ఆ మరక మీద నిలపలేదు. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. వంపు అవతలి గట్టు వైపు చూస్తూ, బ్రేకు తాకకుండా, మరకకు బయటి పక్క నుంచి నన్ను నిలువుగా నడిపించుకుపోయాడు. బ్రేకూ గేరూ వంపుకి ముందే అయిపోయాయి కాబట్టి లోపల అతనికి చేయాల్సిన పని చూడడమొక్కటే. ఇంకా కిందికి వచ్చాక రోడ్డు సగం మీద చోళ్లు ఆరబోసి ఉన్నాయి. అక్కడ దిగి నడిపించాడు. ఆ గింజలు ఒక కుటుంబం ఏడాది తిండి, వాటి మీద చక్రం పోనివ్వలేదు. నాకు అతని మీద గౌరవం పెరిగింది.

నాలాంటివి మళ్లీ రావు. పొగ మీద కొత్త నిబంధనలు వచ్చాక, కొత్త శతాబ్దం తొలి ఏళ్లలోనే నా తయారీ ఆగిపోయింది. ఆ నిబంధనలు సరైనవే. కొండ గాలిని పాడుచేసే హక్కు నాకు లేదు, అందుకే మావాడు నాజిల్ శుభ్రం చేయించి, పంపు టైమింగ్ సరిచూపించి గాని నన్ను ఘాట్ ఎక్కించడు. డీజిల్ మోటార్‌సైకిల్ ఊహ మాత్రం చావలేదు. అమెరికా మెరైన్ సైనికుల కోసం కవాసాకీ కేఎల్ఆర్ 650ని డీజిల్‌కి మార్చారు. సైన్యంలో అన్ని బళ్లకూ ఒకే ఇంధనం ఉండాలన్నది వాళ్ల అవసరం. మా షావుకారు అవసరం బెల్లం బస్తా. రెండు అవసరాలకూ ఒకే రకం ఇంజను పనికొచ్చింది.

నా తోటివి చాలావరకు తుక్కు కొట్లకు పోయాయి. కొన్నిటి ఇంజను ఊడదీసి పెట్రోల్ ఇంజను బిగించారు. మీ ఇంటి వెనక రేకుల కింద అలాంటి బండి ఏదైనా ఉంటే, డీజిలో యెజ్డీయో సైడ్‌కారో, తూకానికి వేసే ముందు తెలిసిన మెకానిక్కుకి ఒక్కసారి చూపించండి. పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషను రెన్యూ చేయించాలి, అది చేయించండి. ఆపైన ఘాట్‌కి తీసుకురండి. చిన్న గేరులో దిగండి, పైకి వచ్చే బండికి ఆగి దారివ్వండి.