కాల్చు, ప్రార్థించు, మళ్లీ కాల్చు

వారానికి ఒక గంట. హమ్మయ్య, పీడ వదిలింది. కార్లో అకుటిస్‌కు 2025 సెప్టెంబరు 7న పోపు పద్నాలుగో లియో పునీత పట్టం ఇచ్చింది మొదలు, ఆ కుర్రాడి దగ్గర ప్లేస్టేషన్ ఉండేదనీ, వారానికి గంటకు మించి దాన్ని ముట్టేవాడు కాదనీ చెప్పడం భలే ఊపందుకుంది. దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద అతను కట్టిన వెబ్‌సైటు, పదిహేనేళ్లకే లుకేమియాతో పోయిన బతుకు వెనక్కి జరిగాయి, గంట ముందుకొచ్చింది. వీడియో గేములు ఆడటం క్రైస్తవుడికి తగునా అన్న ముప్పై ఏళ్ల తగవుకు గడియారం తీర్పు చెప్పేసింది: అరవయ్యో నిమిషం దాకా విశ్వాసి, అరవై ఒకటో నిమిషం నుంచి లోకస్థుడు. ఒక కుర్రాడు తన మనసుకు తానే వేసుకున్న కళ్లేన్ని పెద్దలు రేషను కోటాగా మార్చి పంచుతున్నారు. కోటాతో ఉన్న సుఖం ఏమిటంటే సంచిలో ఉన్నవి బియ్యమో రాళ్లో చూడనక్కర్లేదు, తూకం సరిపోతే చాలు.

ఆటే పాపమని గ్రంథంలో ఆధారం వెతికేవారికి పెద్దగా దొరికేది ఏమీ లేదు. యెరూషలేము మళ్లీ బాగుపడే రోజును జెకర్యా ప్రవక్త చూసినప్పుడు ఆ పట్టణపు వీధుల్లో ఆయనకు ఆడుకునే పిల్లలూ కనిపించారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ మనసుకు ఆట అవసరమనీ, బొత్తిగా సరదా లేకపోవడమూ దోషమేననీ వాదించాడు. అగస్టీన్ ఇంకాస్త చురక పెట్టాడు: బంతాట ఆడినందుకు పిల్లల్ని కొట్టే పెద్దలు తమ ఆటలకు మాత్రం వ్యాపారమని పేరు పెట్టుకుంటారన్నాడు. కాబట్టి తగవు ఆట మీద కాదు. ఇన్నాళ్లూ వచ్చిన తీర్పుల్ని వరసగా పేర్చి చూస్తే అసలు సంగతి తేలుతుంది. కంట్రోలర్ ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి పాపం మారుతోంది. బయటివాడి చేతిలో ఉంటే సాతాను పన్నాగం, మనవాడి చేతిలో ఉంటే పరిచర్య.

1999లో అమెరికాలోని కొలరాడోలో పిల్లల పాస్టరు ఒకరు వాళ్ల కళ్లెదుటే పోకెమాన్ కార్డుల్ని తగలబెట్టాడు; మరుసటి ఏడాదే ఇటలీ బిషప్పుల టీవీ అదే పోకెమాన్‌ను మెచ్చుకుంది. నాజీల్ని కాల్చే వుల్ఫెన్‌స్టీన్ గేముకు వాడిన ఇంజన్‌తోనే విజ్డమ్ ట్రీ అనే కంపెనీ 1994లో నోవహు ఓడ గేము తయారు చేసింది. తుపాకీ పోయి వడిసెల వచ్చింది, నాజీలు పోయి మేకలు వచ్చాయి. మేత విసిరి కొడితే అవి నిద్రపోతాయి. గురి పెట్టడం, కొట్టడం, పడగొట్టడం మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ కంపెనీదే 1991 నాటి మరో గేములో పసివాడైన మోషేను ఎత్తి గిరాటేయవచ్చు. బైబిలు గేము కనుక ఫర్వాలేదు.

వీటన్నిటికీ తలమానికం 2006లో వచ్చిన 'లెఫ్ట్ బిహైండ్: ఎటర్నల్ ఫోర్సెస్'. టిమ్ లాహే, జెర్రీ జెంకిన్స్ నవలలే దానికి ఆధారం. విశ్వాసులంతా ఎత్తబడ్డారు, మిగిలినవాళ్లు న్యూయార్క్ వీధుల్లో క్రీస్తువిరోధి సైన్యంతో తలపడుతున్నారు. ఆటగాడు బోధకుల్ని, పాటలు పాడేవాళ్లను పంపి దారినపోయేవాళ్లను విశ్వాసంలోకి తేవాలి. ఎదురుతిరిగినవాళ్ల కోసం ఆయుధాలు పట్టిన దళాలున్నాయి. ఇందులో మనిషిని చంపితే ఆత్మబలం తగ్గుతుంది. ఆహా, ఎంత నీతి! మరి తగ్గినదాన్ని తిరిగి పెంచుకోవాలంటే? దానికో ప్రార్థన బటన్ ఉంది. నొక్కితే తగ్గిన బలం మళ్లీ ఎక్కుతుంది. ఎక్కాక మళ్లీ కాల్చవచ్చు.

ఈ బటన్ దగ్గర కాసేపు ఆగక తప్పదు. క్రైస్తవంలో మారుమనస్సు అనేది చిన్న సంగతి కాదు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చింది. ఊరియాను చంపించిన దావీదు పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు కూడా. అయినా కత్తి ఆ ఇంటిని వదల్లేదు. న్యూయార్క్ వీధిలో పడి ఉన్న శవానికి ఈ బటన్‌తో ఏ సంబంధమూ లేదు. అతని పేరు అడగదు, అతని వాళ్లకు ఏం చేయాలో చెప్పదు. క్షమించేది ఎవరో కూడా తెర మీద కనిపించదు, అంకె ఒకటి పెరుగుతుందంతే. ఈ బటన్ దావీదుకు దొరికి ఉంటే నాతాను ప్రవక్త అంత దూరం నడిచి రావలసిన పనే ఉండేది కాదు. గేము చేసినవాళ్ల పక్షాన ఒక వాదన ఉంది: చంపినందుకు నష్టం పెట్టిన గేములు ఎన్ని ఉన్నాయి, ఇది ఆ మాత్రమైనా నేర్పుతోంది కదా అని. నేర్పుతున్న మాట నిజమే. ధర ముందుగా తెలిసి, ఆ ధర చేతిలోనే ఉన్నప్పుడు దాన్ని శిక్ష అనరు, టికెట్టు అంటారు. చంపడం తప్పని కాదు, చంపడానికి ఎంత అవుతుందో నేర్పుతోంది.

ఇంకా ఉంది. నలుగురు కలిసి ఆడేటప్పుడు అదే గేములో క్రీస్తువిరోధి పక్షాన కూడా ఆడవచ్చు. ఇదంతా పదమూడేళ్లు దాటిన పిల్లలకు తగినదేనని ముద్ర కూడా పడింది. కొన్ని క్రైస్తవ సంఘాలు మాత్రం దీన్ని అమ్మవద్దని వాల్‌మార్ట్‌ను కోరాయి. హింసాత్మక గేముల మీద కోర్టులకెక్కడమే వ్రతంగా పెట్టుకున్న మయామీ న్యాయవాది జాక్ థాంప్సన్ తన పుస్తకం వేసిన టిండేల్ ప్రచురణ సంస్థతోనే ఈ గేము మూలంగా తెగతెంపులు చేసుకున్నాడు. ఆయన గేముల గురించి అన్న మాటల్లో ఒప్పుకోదగినవి తక్కువే, కానీ అన్నమాటను మనవాళ్లకూ వర్తింపజేశాడు. మిగిలినవాళ్లకు ఆ బటన్‌లో ఏ తప్పూ తోచలేదు. ఎలా తోస్తుంది? ఆరు రోజులు లెక్కలు తారుమారు చేసి ఏడో రోజు కన్నీళ్లతో సరిచేసుకునే భక్తికి అంతకన్నా అచ్చమైన చిత్రపటం ఇంకెవరు గీయగలరు!

2007 సెప్టెంబరులో హేలో 3 వచ్చింది. పదిహేడేళ్లు నిండినవారికేనని పెట్టె మీద అచ్చేసిన గేము అది. అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ రాసిన దాని ప్రకారం, వందలాది అమెరికన్ చర్చిలు కుర్రాళ్లను రప్పించడానికి దాన్ని యవ్వనస్థుల కూడికల్లో పెట్టాయి. షాపువాడు అమ్మని వయసువాళ్లకు మందిరం హాలులో తెరలు పెట్టి మరీ ఆడించారు. ఆ గేములో శత్రువులు ఎవరనుకున్నారు? ప్రవక్తల మాట విని, లోకాన్ని తుడిచిపెట్టే యంత్రమే తమకు రక్షణ అని నమ్మిన మత కూటమి. దాన్ని కాల్చి పారేశాక వాక్యం చెప్పారు, ప్రార్థన చేశారు. ఆత్మలు రావాలంటే పౌలు అందరికీ అన్నీ అయినట్టు మనమూ కావాలి కదా అని దీనికి సమర్థన. మన తెలుగు నేల మీద ఈ వాదన కొత్తేమీ కాదు. సినిమాకు వెళ్లడమే లోకాశ అని బోధించిన ఊళ్లలోనే 1978 నాటి 'కరుణామయుడు'ను తెర కట్టి చూపించారు. అందులో కొంత ద్వంద్వనీతి ఉన్న మాట నిజం; కానీ ఆ తెర మీద కనిపించింది యేసు కథే. జనం దేన్ని చూడటానికి వచ్చారో దాన్నే చెప్పారు. హేలో రాత్రుల్లో పిల్లలు వచ్చింది ఒకదాని కోసం, వాళ్లకు అంటగట్టింది మరొకటి. పౌలు మనుషుల దగ్గరికి వెళ్లడానికి తాను మారాడే గానీ, రోమా పట్టణపు మల్లయుద్ధ శాలను అద్దెకు తీసుకుని ఆట విరామంలో పత్రిక చదివి వినిపించలేదు.

తెర మీద చావు నిజమైన చావు కాదుగా అని ఆడేవాళ్లు అంటారు. దీనికి ఎదురుగా నిలబడే పాత సాక్షి ఒకడున్నాడు, అగస్టీన్ స్నేహితుడు అలీపియస్. రోమ్‌లో కత్తియుద్ధాల గోదాకు స్నేహితులు లాక్కుపోతే పంతానికి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జనం అరుపు చెవిన పడి కళ్లు తెరిచాడు, తెరిచిన క్షణం నుంచి ఆ రక్తానికి బానిసైపోయాడు. గేముల్ని తిట్టేవాళ్లకు ఇంతకన్నా బలమైన ఉదాహరణ లేదు, దీన్ని కొట్టిపారేయకూడదు. అయితే ఆ గోదాలో చచ్చినవాళ్లు నిజం మనుషులు. గేములు మనిషిని హంతకుణ్ని చేస్తాయని రుజువు కాలేదు. పిల్లలకు హింసాత్మక గేములు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 7-2తో కొట్టేసినప్పుడు అక్కడ చూపిన అధ్యయనాలు సరిపోవనే అన్నది. పైగా అలీపియస్‌ను పట్టింది రక్తం కాదు, మొదట పట్టింది అరుపు. పదివేల గొంతులు ఒక్కటై లేవడం. గదిలో ఒంటరిగా కూర్చున్న కుర్రాడికన్నా, యాభై మంది కుర్రాళ్లు కలిసి కేకలు వేసే మందిరం హాలుకే ఈ కథ ఎక్కువ తగులుతుంది. వినోదాలన్నిటినీ కాదన్న తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ కూడా తన గ్రంథం చివర, రాజులు నరకాగ్నిలో మండుతుంటే చూసే అసలైన వినోదం మనకు ముందుంది అని ఉత్సాహపడ్డాడు. లెఫ్ట్ బిహైండ్ వాళ్లు ఆయనకు రాయల్టీ ఇవ్వాల్సింది.

ఇక వెటకారం చాలు. నెత్తురు చుక్కలు లెక్కపెట్టీ, నిమిషాలు లెక్కపెట్టీ ఈ పెద్దలు చూడకుండా వదిలేసింది డబ్బును. గేములో పిల్లవాడి ముందు ఒక పెట్టె మెరుస్తుంది. లోపల ఏముందో డబ్బు కట్టాకే తెలుస్తుంది. కావలసింది రాదు, మళ్లీ కడతాడు. ఇది జూదం. ఇందులో దాపరికమేమీ లేదు: 2018లో బెల్జియం ఇలాంటి పెట్టెల్ని జూదమేనని తేల్చి తీయించింది. ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ కంపెనీ 2022 డిసెంబరులో అమెరికా వాణిజ్య కమిషన్‌కు 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది, అందులో 24.5 కోట్లు, బటన్లను తికమకగా అమర్చి వద్దనుకున్నవి కొనిపించినందుకు. గెన్షిన్ ఇంపాక్ట్ కంపెనీ 2025 జనవరిలో పిల్లల విషయంలోనే 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి; డబ్బు పెట్టి ఆడే గేములన్నిటినీ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి ఆపింది. ప్రభుత్వాలకు తట్టింది వేదికలకు ఎందుకు తట్టలేదు? క్రైస్తవుడికి ఇందులో చట్టం చదవాల్సిన పని కూడా లేదు. నాలుగు సువార్తల్లోనూ శిలువ దగ్గర ఒక ఆట నడుస్తుంది. పైన మనిషి చస్తుంటే, కింద సైనికులు అతని వస్త్రాల కోసం చీట్లు వేస్తున్నారు. ఆటకూ క్రైస్తవ నీతికీ ఉన్న సంబంధం గురించి ప్రసంగించడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరి బాధ మీద ఎవరు పందెం కాస్తున్నారు, ఎవరి సొమ్ము ఎవరికి పోతోంది అన్నదే ఆ దృశ్యమంతా. అది వదిలేసి రక్తం ఎర్రగా ఉందా, ఆకుపచ్చగా ఉందా అని వాదించుకున్నాం.

కంపెనీలకు ఈ కోపం ఎంత చవకో తెలుసు. 2009లో లాస్ ఏంజెలెస్ గేముల ప్రదర్శన బయట 'డాంటేస్ ఇన్ఫెర్నో' గేము నరకపాత్రమని అట్టలు పట్టుకుని నిలబడ్డ భక్తులు, ఆ గేము అమ్మే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కిరాయికి పెట్టుకున్న మనుషులు. అది తరువాత కంపెనీయే ఒప్పుకుంది. క్రైస్తవుల ఆగ్రహాన్ని అద్దెకు తెచ్చుకుని ప్రచారానికి వాడుకున్నారంటే, అది తమకు ఏ నష్టమూ చేయదని వాళ్లకు ఎంత గట్టి నమ్మకమో చూడండి.

పిల్లల ఖర్చు చూసుకోవలసింది తల్లిదండ్రులు, కంపెనీ లెక్కలు సంఘం పని కాదు అని కొందరు అంటారు. ఎప్పటి నుంచి కాదు? 2007లో 'రెసిస్టెన్స్: ఫాల్ ఆఫ్ మ్యాన్' గేములో మాంచెస్టర్ కెథెడ్రల్ లోపల కాల్పులు చూపించారని తెలిసినప్పుడు ఇంగ్లండ్ చర్చి సోనీని నిలదీసింది. క్షమాపణ చెప్పాలంది, గేమును వెనక్కి తీసుకోవాలంది, విరాళం ఇవ్వాలంది. తుపాకీ నేరాలతో నలిగిన నగరం గనుక మాంచెస్టర్ బిషప్పు కోపంలో న్యాయం ఉంది కూడా. సోనీ క్షమాపణ చెప్పింది. అంటే చిరునామా తెలుసు, ఏం అడగాలో తెలుసు, గట్టిగా అడిగితే అంత పెద్ద కంపెనీ కూడా దిగివస్తుందని తెలుసు. పెట్టెలమ్మే ఏ కంపెనీకైనా అలాంటి ఉత్తరం ఒకటి, అంతే ఘాటుగా, అవే కోరికలతో రాయడానికి ఏ సైనాడూ ఏ సర్వసభ్య సమావేశమూ అడ్డు కాదు. రాతి గోడల బొమ్మను వాడుకున్నందుకే అంత నష్టపరిహారం అడగగలిగినవాళ్లు పదమూడేళ్ల పిల్ల జేబుకు ఎంత అడుగుతారో చూడాలని ఉంది.