ఆకుపచ్చ సిరా డిప్లొమా

పర్యావరణ పరిరక్షణ చదివితే ఉద్యోగాలే ఉద్యోగాలని ఒకేషనల్ కాలేజీల కరపత్రాలు అడ్మిషన్ల సీజనులో ఊదరగొడుతుంటాయి. కరపత్రాలదేముంది, సర్కారువారూ అదే మాటన్నారు. 2015లో గ్రీన్ జాబ్స్ కోసమే ఒక స్కిల్ కౌన్సిల్ పెట్టారు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం మొదలుపెట్టి, 2021 నాటికి అయిదు లక్షల మందికి పైగా శిక్షణ ఇచ్చేస్తామంది. మురుగునీటి శుద్ధి ప్లాంటు నడపడం, గాలిలోనూ నీటిలోనూ కాలుష్యం కొలవడం, మొక్కల జాతులు గుర్తుపట్టడం, అడవిలో మంటల్ని అదుపు చేయడం... ఆ కోర్సుల జాబితా చదివితే ఎంత వయసు వాళ్లకైనా వెళ్లి చేరిపోవాలనిపిస్తుంది. ఇంత మంచి కోర్సుల్లో ఒకే ఒక్క లోపం ఉంది: వాటిలో పని నేర్పుతారు. మనకు కావలసింది పని కాదు, పని జరిగిందని చెప్పే కాగితమూ, దాని అడుగున ఆకుపచ్చ సిరాతో ఒక సంతకమూ. పని వచ్చినవాణ్ని పనిలో పెట్టుకుంటే ఆ కాగితానికి అడ్డం పడతాడు. కనుక సిలబస్‌ను మార్కెట్టుకు తగ్గట్టు సవరించాలని ఈ కాలమ్ సవినయంగా మనవి చేస్తోంది.

మచ్చుకు ఒక పాఠం చూద్దాం. మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) ఆపరేటరుకు మొదట్లోనే నేర్పే పరీక్ష ఒకటుంది. ట్యాంకులోంచి బురద కలిసిన గోధుమరంగు నీళ్లు తీసి, లీటరు గాజు కొలజాడీ నిండా పోసి, కదపకుండా అరగంట వదిలేయాలి. బురద మెల్లగా కిందికి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. బురద ఏ గీత దగ్గర ఆగింది, తేటలో నలకలు తేలుతున్నాయా, అడుగున చేరినది మళ్లీ పైకి లేస్తోందా అన్నది చూసి, ట్యాంకులోని సూక్ష్మజీవులు సుఖంగా ఉన్నాయో ఊపిరాడక చస్తున్నాయో పనివాడు చెప్పేస్తాడు. మురుగును తినేది ఆ జీవులే. వాటికి రాత్రింబగళ్లు గాలి అందాలి. గాలికి బ్లోయర్లు తిరగాలి, బ్లోయర్లకు కరెంటు కావాలి, కరెంటుకు బిల్లొస్తుంది. ఇంతవరకే కాలేజీ పాఠం. ఆ తర్వాతి పాఠం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో చెబుతారు: రాత్రుళ్లు ఆపేయ్, ఇన్‌స్పెక్షన్ ఉందంటే వేద్దాం. ఇక బీఓడీ పరీక్ష ఉంది. నీళ్లలో ఎంత కుళ్లుందో తేల్చే ఈ పరీక్షకు మన ప్రామాణిక పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది. యజమానికేమో రిపోర్టు సాయంత్రానికల్లా ఫైల్లో ఉండాలి. మూడు రోజులు ఆగండి సార్ అనే కుర్రాడు కాలేజీలో ఫస్టు, డ్యూటీలో తలనొప్పి. స్విచ్ వేసే పనికి డిప్లొమా ఎందుకండీ, వాచ్‌మన్ చాలడా అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. స్విచ్ ఆపేయడానికైతే వాచ్‌మన్ కూడా దండగే, టైమరు పెట్టుకుంటే సరి.

ఇది అపార్ట్‌మెంట్ల పిసినారితనం, ప్రభుత్వం సంగతి వేరు అనుకునేవాళ్లు జీవవైవిధ్య రిజిస్టర్ల చరిత్ర తిరగేయాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి. ఆ ఊళ్లో ఏ చెట్టుంది, ఏ పురుగుంది, ఏ వేరు ఏ రోగానికి వాడతారు అన్నది ఊరివాళ్లనే అడిగి రిజిస్టరు రాయాలి. దీనికోసమే విడిగా ఒక శిక్షణ కోర్సు కూడా పెట్టారు. రాయడం అంత తేలికేం కాదు. తొలకరికి మొలిచే కూర మాఘంలో కనపడదు, చలికాలం వచ్చే పిట్ట ఎండాకాలం ఉండదు, మందువేరు తెలిసిన ముసలమ్మ మొదటి రోజే నోరు విప్పదు. ఏడాది పొడుగునా ఊరు పట్టుకుని తిరగాలి. 2016 నాటికి దేశం మొత్తం మీద ఇలాంటి రిజిస్టర్లు 1,400 కూడా లేవు. అప్పుడు హరిత ట్రిబ్యునల్ కన్నెర్రజేసింది. 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలంది. ఇంకేముంది, 2022 వచ్చేసరికి రిజిస్టర్లు రెండున్నర లక్షలు దాటాయి! పద్నాలుగేళ్లపాటు గుంభనంగా దాక్కున్న వేపచెట్లూ తులసిమొక్కలూ జరిమానా మాట వినగానే క్యూ కట్టి పేర్లు రాయించుకున్నాయన్నమాట. వాటిలో నిజాయితీగా చెమటోడ్చి రాసినవి లేవనను, ఉన్నాయి. కానీ ఈ వేగానికి కావలసింది మొక్కల్ని గుర్తుపట్టేవాడా, పక్క మండలం ఫైలు తెరిచి ఊరిపేరు మార్చేవాడా? ఏ నైపుణ్యానికి గిరాకీ ఉందో అది నేర్పడమే కదా ఒకేషనల్ విద్య పరమార్థం.

కాలుష్య నియంత్రణ మండళ్లలో బోలెడు ఖాళీలున్నాయి, అవి నింపితే ఈ కోర్సులు చదివినవాళ్లందరికీ ఉద్యోగాలొస్తాయి కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఖాళీల మాట నిజమే. దేశంలోని మండళ్లన్నిటికీ మంజూరైన పోస్టులు 11 వేల పైచిలుకు, అందులో దాదాపు సగం ఖాళీ అని ట్రిబ్యునల్ ముందుకే లెక్క వచ్చింది. అయితే ఏ దుకాణమైనా ఏళ్ల తరబడి సగం మంది పనివాళ్లు లేకుండా నడుస్తోందంటే, రానివాళ్ల అవసరం యజమానికి లేదనే అర్థం. ఫైళ్లు కదులుతూనే ఉన్నాయి, అనుమతులు వస్తూనే ఉన్నాయి. చదివేవాడు లేకపోతే కాగితం గతి ఏమవుతుందో విశాఖపట్నం చూసింది. అక్కడి ఎల్జీ పాలిమర్స్ తన విస్తరణకు పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి చేస్తున్నట్టు 2019లో తానే అఫిడవిట్ రాసిచ్చింది. కంపెనీయే తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం మన దేశంలో అరుదు, దాన్ని కూడా పట్టించుకున్నవాడు లేడు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్లలోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చినవాటిలో ఒకటి, ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటే లేదన్నది. కొలత అడుగునే తీసుకుంటున్నారు, వేడి పైన పెరిగింది. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. ఒక థర్మామీటరు, దాన్ని గంటగంటకూ చూసి రాసుకునే మనిషి, అంకె పెరిగితే అతను చేసే ఫోనుకు జవాబిచ్చే ఇంకో మనిషి. రెండేళ్ల డిప్లొమాతో వచ్చేసే విద్య ఇది. దాని విలువ ఎంతో ఆ ఉదయం తెలిసింది. తర్వాత ఎప్పటిలాగే మళ్లీ మరిచిపోయాం.

పర్యావరణ చైతన్యం అందరికీ ఉండాలి గానీ కొందరికి సర్టిఫికెట్లు ఎందుకనే పెద్దలకూ ఒక మాట. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో పాఠంగా చెప్పాలంది. మనం చెబుతున్నాం కూడా. మన ఇంటర్ ఫస్టియర్‌లో పర్యావరణ విద్య పరీక్ష రాయాల్సిందే, నైతిక విలువల పరీక్ష కూడా. రెండూ పాసవ్వాలి, మార్కులు మాత్రం మెమోలో కలవవు. ఈఏపీసెట్‌కు పనికిరాని ఓజోన్ పొరను పిల్లలు ఎంత శ్రద్ధగా చదువుతారో తల్లిదండ్రులను అడగండి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: సర్టిఫికెట్ ఉన్నవాడే ప్లాంటు నడపాలని చట్టం చేస్తే సరిపోదా? సరిపోదు. మందుల షాపు సంగతి ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది, ఫార్మసిస్టు ఇంకెక్కడో ఉంటాడు, నెలనెలా అద్దె అందుతుంది. పర్యావరణ డిప్లొమాకు కూడా రేపు అదే అద్దె పలుకుతుంది, ఉద్యోగం కంటే అదే నయమని కుర్రాళ్లూ అనుకోవచ్చు. అయితే ఇదే దేశంలో బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్‌కు ఇప్పటికీ పరువుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా, అర్హత ఉన్న మనిషి దగ్గర లేకుండా బాయిలర్ రాజేయాలంటే యజమాని జంకుతాడు. ఇన్‌స్పెక్టరు భయం ఒక్కటే కాదు. ప్రెషర్ గేజీలో ముల్లు ఎర్రగీత దాటితే మొదట ఎగిరేది తన షెడ్డే. శుద్ధి ప్లాంటు అలా పేలదు. ఇక్కడ ఆగిపోతే అక్కడెక్కడో కుంటలో చేపలు తేలతాయి, పటాన్‌చెరు వైపు రైతు బోరులో నీళ్లు రంగు మారతాయి, దానిమీద కేసు దశాబ్దాలపాటు నడుస్తుంది. పేలుడే, కాకపోతే పక్కవాడి పొలంలో, నిదానంగా.

కాబట్టి కోర్సుల మీద ఇంక పైసా ఖర్చుపెట్టనక్కర్లేదు, చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. శుద్ధి చేసిన నీటిని ఫ్యాక్టరీ అయితే ఎండీగారి గెస్ట్‌హౌస్ బోరుబావికి పదడుగుల దూరంలో, గేటెడ్ కమ్యూనిటీ అయితే క్లబ్‌హౌస్ స్విమ్మింగ్‌పూల్ గట్టున, ప్రభుత్వ ప్లాంటు అయితే సంబంధిత శాఖామాత్యుల బంగళా తోటలో వదలాలి. ఈ సవరణ గెజిట్‌లో అచ్చయిన నెలలోనే లీటరు కొలజాడీలు బ్లాకులో అమ్ముడుపోతాయి, బ్లోయర్లు రాత్రంతా తిరుగుతాయి. మూడు రోజులు ఆగండి సార్ అనే ఆ కుర్రాడికి రెట్టింపు జీతమిచ్చి, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇంటికే పంపిస్తారు.