నడిచే సింహం, చుక్కల పేరు

పోయిన దసరాకి తమ్ముడి ఇంటికి వెళ్తే అల్మారాలో పంచదార గిన్నె కనబడలేదు. ఏమైందని అడిగితే కోడలు మనవరాలి కాళ్లు చూపించింది. కరిగించి పట్టీలు చేయించారట. "సొట్ట పడిపోయింది పెదమావయ్యగారూ, గ్రాముకి మంచి ధరే కట్టారు" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పిల్ల కాళ్లకి పట్టీలు ముద్దుగానే ఉన్నాయి. నా బాధ అది కాదు. ఆ గిన్నె అడుగున నాలుగు ముద్రలుండేవి, వాటి కింద మా నాయనమ్మ పేరుండేది. కొట్లో ఒక్కరూ గిన్నె తిరగేసి చూడలేదు. ఇది ఎవరిది, మీకెలా వచ్చింది అని అడగలేదు. మా రోజుల్లో వెండి బయటికి తీస్తే ముందు ఆ ప్రశ్నే వచ్చేది. మా గిన్నె విషయంలో దానికి జవాబు ఖరగ్‌పూర్‌లో మొదలవుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షన్ కట్టి వర్క్‌షాపు పెట్టాక మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే కదిలొచ్చాయి. చాలామంది వర్క్‌షాపు సైరన్ వినగానే పరిగెత్తేవాళ్లు. మా తాత మాత్రం బంగళాలో బట్లరుగా కుదిరాడు. యజమాని ఆంగ్లో ఇండియన్, మెయిల్ డ్రైవరు. ఆ ఇంట్లో ఇంగ్లండు వెండితో చేసిన టీపాట్, పాల జగ్గు, పంచదార గిన్నె ఉండేవి. దొరసానిగారి తల్లికి పెళ్లిలో వచ్చినవి. మూడింటి మీదా ఆ తల్లి పేరులోని పొడి అక్షరాలు తీగల్లా అల్లుకుని ఉండేవి.

ఆవిరి ఇంజన్ల ఊరు కదా, బొగ్గు పొగలోని గంధకానికి వెండి వారం తిరక్కుండానే నల్లబడేది. శనివారం మధ్యాహ్నం తాత మెత్తటి సుద్దపొడి తడిపి, పాత మల్లుగుడ్డతో రుద్దుతూ కూర్చునేవాడు. నేను పక్కన చేరేవాణ్ణి. నాకు ఇంగ్లీషు అక్షరాలు రాకముందే ముద్రలు చదవడం వచ్చింది. ముందు కాలెత్తి నడిచే సింహం ఉంటే అసలు వెండి, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు. చిరుతపులి తల ఉంటే లండన్. లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం అప్పట్లో షెఫీల్డ్‌ది. ఆ రెండు ఊళ్లకీ వెండి పరీక్షించి ముద్ర కొట్టే హక్కు 1773లో వచ్చింది. సింహమైతే 1544లోనే నడక మొదలుపెట్టింది. ఇంకో అక్షరం ఏడాదిని చెబుతుంది, మరొకటి చేసినవాడి గుర్తు. మా గిన్నె మీద కిరీటం ఉండేది. పెద్దయ్యాక పట్టిక సంపాదించి చూసుకుంటే 1911 అని తేలింది.

దొంగ మెరుపుని పట్టుకోవడం కూడా తాతే నేర్పాడు. రైల్వే స్టేషన్ భోజనశాల స్పూన్ల మీద బి.ఎన్.ఆర్. అని చెక్కి ఉండేది. తళతళలాడేవి, కానీ సింహం ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహానికి పైన వెండిపూత. అరిగిన చోట లోపలి పసుపురంగు బయటపడుతుంది. అయినా ఆ పూత స్పూన్లకి కూడా లెక్కుండేది. ఒకటి తగ్గితే రాత్రి వంటగది నుంచి ఎవరూ కదలకూడదు. ఇప్పుడు అదే స్టేషన్లో కర్రచెంచా చేతికిస్తున్నారు, తినేలోపు నాలుకకి పేడు గుచ్చుకుంటోంది.

దొరగారు పోయాక, 1958లో, దొరసానిగారు కొడుకు దగ్గరికి ఆస్ట్రేలియా బయల్దేరారు. అలా వెళ్లిపోతున్నవాళ్ల సామాను చాలావరకు కలకత్తా రస్సెల్ స్ట్రీట్ వేలం గదులకి చేరేది. ఈమె టీపాట్ తనతో పట్టుకెళ్లి, జగ్గూ గిన్నే మా తాత చేతిలో పెట్టారు. పెట్టి ఊరుకోలేదు. బట్లరు ఇంట్లో దొరల వెండి కనబడితే లోకం ఏమంటుందో ఆమెకి తెలుసు. పంచదార గిన్నె ఒకటి, పాల జగ్గు ఒకటి, నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను అని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని తాత తన సర్వీసు సర్టిఫికెట్లతో కలిపి ట్రంకుపెట్టెలో దాచాడు. ఒక మనిషి ఇంకో మనిషి పరువు గురించి అంత ముందుచూపుతో ఆలోచించిన రోజులవి.

నాయనమ్మ ఆ రెంటినీ ఊళ్లోని గోల్ బజార్‌కి తీసుకెళ్లి అడుగున తన పేరు తెలుగులో చుక్కలతో కొట్టించింది. పైన దొరసాని తల్లి అక్షరాలు, కింద నాయనమ్మ పేరు. ఒకదాన్ని చెరిపి ఇంకోటి కొట్టించాలని ఆమెకి తోచనే లేదు. గిన్నెలో కుంకుమ పోసుకుంది. జగ్గు మాకు ఉగ్గుగిన్నె అయింది. దాని మూతి సన్నగా ఉండడంతో పసిపిల్లల నోట్లోకి పాలు చక్కగా జారేవి. నేను తాగలేదు గానీ మా ఆఖరి చెల్లెలు, నా కొడుకు, వాడి కూతురు దానితోనే తాగారు. దొరల ఇంట్లో టీ పక్కన కూర్చున్న జగ్గు మా ఇంట్లో అన్నప్రాశన పీట ఎక్కింది. తోమడానికి సుద్దపొడి పోయి విభూతి వచ్చింది.

వాటాలప్పుడు గిన్నె తమ్ముడికి, జగ్గు నాకు వచ్చాయి. అప్పుడే తప్పు చేశాం. రెంటినీ విడదీయకుండా ఒకే ఇంట్లో ఉంచాల్సింది. గిన్నెతో పాటు దాని కథనీ అప్పగించాల్సింది. కోడలికి ఎవరు చెప్పారు గనక? ఈ కాలం పిల్లలకి చెప్పాలన్నా ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చోరు. కూర్చోమని గట్టిగా అనడం మేమూ మానేశాం.

మొన్న హైదరాబాద్ నుంచి నా మనవరాలు ఫోన్ చేసి, "జగ్గు బరువెంతుంటుంది తాతా?" అంది. నేను తూచలేదు, తూచను. సంక్రాంతికి రమ్మన్నాను. విభూతి, మల్లుగుడ్డ సిద్ధంగా ఉన్నాయి. ముందు సింహం చూపిస్తాను, తర్వాత చుక్కలు, ఆ తర్వాత కాగితం. అందులో ఇప్పటికీ వస్తువులు రెండని రాసి ఉంది.