ఊరికి ఇంతమంది

1569 నవంబర్. ఇంగ్లండ్ ఉత్తరపు సరిహద్దు సీమలో ఇద్దరు కాథలిక్ ప్రభువులు, నార్తంబర్లాండ్ ఎర్ల్ థామస్ పెర్సీ, వెస్ట్‌మోర్లాండ్ ఎర్ల్ చార్లెస్ నెవిల్, ఎలిజబెత్ రాణి మీద తిరగబడ్డారు. 14వ తేదీన డర్హం కేథడ్రల్లో జొరబడి ఇంగ్లిషు బైబిల్ని చింపేశారు. అక్కడ మళ్లీ లాటిన్ పూజలు మొదలయ్యాయి.

క్రీస్తు పంచగాయాల జెండా వెనక వేలమంది నడిచారు. కొందరు భక్తితో, కొందరు కూలి డబ్బులకి, కొందరు దొరగారి మనుషుల బెదిరింపుకి.

డిసెంబర్లో రాణి సైన్యం దగ్గరపడింది. దొరలు గుర్రాలెక్కి స్కాట్లండ్ సరిహద్దు దాటేశారు. గుర్రాలు లేనివాళ్లు ఇళ్లకు నడిచారు. లెక్క తేల్చడానికి అందుబాటులో దొరికింది వాళ్లే.

లెక్క కూడా పక్కాగా తయారైంది. రాణి సేనాని ససెక్స్ ఎర్ల్ ఏ ఊరి నుంచి ఎందరిని ఉరితీయాలో జాబితాలు రాయించాడు. మొత్తం దాదాపు 700. ఆ పని సర్ జార్జ్ బోస్ మీద పడింది. తిరుగుబాటుదార్లు ముట్టడించినప్పుడు ఆయన కాపలా ఉన్న బార్నార్డ్ కోటలోంచి సొంత సైనికులే గోడలు దూకి అవతలి పక్షంలో కలిశారు. అలాంటి మనిషి చేతిలో ఇప్పుడు జాబితా. 1570 జనవరిలో ఊరూరా తిరిగాడు. ఏ ఊరివాణ్ని ఆ ఊళ్లోనే, అయినవాళ్ల కళ్లెదుటే వేలాడదీయించాడు.

తప్పు చేసినవాళ్లు ఎంతమందంటే, వాళ్లను విచారించడానికి నిర్దోషులు కరువయ్యారని డర్హం బిషప్ పిల్కింగ్టన్ రాశాడు.

అయినా బోస్ ఎక్కిన ప్రతి గుమ్మంలోనూ ఉరితాడు పడలేదు. ఆయనకు ససెక్స్ పంపిన ఆదేశంలో ఒక షరతుంది: సొంత భూమి ఉన్నవాణ్ని, కలిగినవాడని పేరున్నవాణ్ని ముట్టుకోవద్దు. అది రాణిగారి ఇష్టం.

జాలిపడి కాదు. సైనిక చట్టం కింద ఉరితీస్తే మనిషి పోతాడు గానీ ఆస్తి వారసులకే మిగులుతుంది. కోర్టులో రాజద్రోహం రుజువైతే అది రాణికి దఖలు పడుతుంది. అందుకని కలిగినవాళ్లకు విచారణ. వాళ్లలో చాలామంది చివరికి సొమ్ము చెల్లించి, క్షమాభిక్ష పత్రాలు పుచ్చుకుని బతికారు.

రాణికి ఇచ్చుకోవడానికి ప్రాణం తప్ప ఇంకేమీ లేనివాళ్లు అదే ఇచ్చుకున్నారు.