దాత పేరు కనపడాల

లండన్‌కు వచ్చిన అత్తమామలకు ఏ అల్లుడైనా మొదట చూపించేది బ్రిటిష్ మ్యూజియమే. టికెట్ లేదు గదా! మాది ఆదోని, మా ఆవిడది ఎమ్మిగనూరు. 33ఎ అనే గది గుమ్మం దగ్గర ఆమె చెప్పులు విడవబోతే, "వద్దత్తా" అని అల్లుడు ఆపాడు.

లోపల అద్దాల వెనకాల మన అమరావతి స్తూపం రాళ్లు. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండకెండి, వానకు తడిసి, 1859లో ఓడెక్కాయి. లండన్‌లోనూ రాజభోగమేమీ దక్కలేదు. బండ్ల కొట్టంలో పడి ఉంటే ఫెర్గూసన్ అనే ఆయన కంటబడ్డాయి.

"మన బేతంచెర్ల బండ మాదిరే ఉంది గదప్పా, దీన్ని ఇంతదూరం మోసినారా?" అంది మా ఆవిడ. ఒక పలక మీద ఖాళీ సింహాసనం, దాని ముందు పాదాల గుర్తులు, చుట్టూ దండం పెట్టేవాళ్లు. తొలినాళ్లలో బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదని అల్లుడు చెప్పాడు. "అట్లనా! నేను ఊరేగింపుకు పోయినాడనుకుంటి." ఆడవాళ్ల శిల్పాలకు మెడనిండా హారాలు, చేతినిండా కడియాలు, ఒంటి మీద గుడ్డ మాత్రం అంతంతే. "పాపం, అప్పటికి మా ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సొసైటీ పెట్టలేదు" అని తీర్పిచ్చేసింది.

నన్ను పట్టుకున్నది రాత. అమరావతి రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లుంటాయి. విధికుడనే చర్మకారుడు ఒక పలక ఇచ్చి తన పేరుతో ఆగలేదు. తండ్రి నాగ ఉపాధ్యాయుడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, అందర్నీ ఎక్కించాడు. మా వీధి గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ఊరు, దుకాణం, సెల్ నంబరు ఉంటాయి. తిరిగేటప్పుడు కనపడదని స్విచ్ వేయనివ్వరు. ట్యూబులైటు ఇచ్చినాయన పేరైతే లైటు కన్నా పొడుగు. విధికుడు వీళ్లకన్నా తెలివైనవాడు. తిరగనిది, మాడిపోనిది చూసి ఇచ్చాడు.

ఈ మాటే అంటే అల్లుడు నవ్వి గుమ్మం వైపు చూపించాడు. ఆ గదికే దాత పేరు: ఆసాహి షింబున్ గ్యాలరీ. జపాన్ పత్రికంట.

బయటికొచ్చేటప్పుడు చందా పెట్టె కనపడింది. నేను ఒక నాణెం వేయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఉండప్పా. మన పేరు యాడ రాస్తారో ముందడుగు."