నురగ మాహాత్మ్యం

"హాయ్ అండీ, ఈ రోజు కెమికల్స్ అస్సలు లేకుండా..." అని మొదలవుతుంది వ్రతకథ. సింకులో రెండు చెంచాల వంటసోడా చల్లుతారు. పైనుంచి వెనిగర్ పోస్తారు. బుస్సుమని నురగ. ఆ నురగ ముందు కెమెరా కాసేపు సాష్టాంగపడుతుంది. ఇక జిడ్డు, బూజు, మొండి మరక, పక్కింటివాళ్ల దిష్టి అన్నీ ఒకేసారి పోయినట్టే లెక్క.

ఆ నురగేమిటో హైస్కూలు సైన్సు పుస్తకంలోనే ఉంది. క్షారమూ ఆమ్లమూ ఒకదాని శక్తిని ఒకటి విరిచేసుకుంటుంటే బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. నురగ అణిగాక సింకులో మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. మరక వదిలించడంలో వాటికీ కుళాయి నీళ్లకీ పెద్ద తేడా ఉండదు. విడివిడిగా వాడితే మాత్రం రెండూ పనిమంతులే. బోరు నీళ్ల వల్ల కుళాయి మూతి చుట్టూ కట్టిన తెల్లటి పెచ్చు మీద వెనిగర్‌లో ముంచిన గుడ్డ చుట్టి గంటసేపు వదిలేస్తే ఆ సున్నం మెత్తబడి ఊడొస్తుంది. మాడిన గిన్నెలో సోడా వేసి నీళ్లు మరిగిస్తే అడుగు వదులుతుంది. కానీ గుడ్డ చుట్టి గంట ఆగడాన్ని వీడియో తీస్తే ఎవరు చూస్తారు? అందుకని ఇద్దరు కూలీల్ని పిలిచి, ఇద్దరికీ కొట్లాట పెట్టి, ఆ కొట్లాటే పని అని చూపిస్తున్నారు.

ఇక "కెమికల్స్ లేవు" అన్న మాట. కిరాణా కొట్లో చవగ్గా దొరికే తెల్ల వెనిగర్ సీసా ఓసారి తిప్పి చూడండి. చాలావాటి మీద 'సింథటిక్' అని రాసే ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసిన ఎసిటిక్ ఆమ్లానికి నీళ్లు కలిపారన్నమాట. వంటసోడా కూడా చెట్టుకు కాయదు. గుజరాత్‌లోని మిఠాపూర్ లాంటి చోట్ల భారీ కర్మాగారాల నుంచే వస్తుంది. రావడంలో తప్పేమీ లేదు, ఆ అమాయకపు నటనే చూడలేకపోతున్నాను.

చవక సంగతి అడగొద్దు. వాసనకి పది చుక్కల లావెండర్ ఆయిల్, పోసుకోడానికి గోధుమరంగు గాజు స్ప్రే సీసా, అది పగలకుండా రావడానికి రెండు మూరల బుడగల ప్లాస్టిక్, ఎండాకాలంలో కాయ పది రూపాయలు పలికే నిమ్మకాయలు అరడజను. ఆ డబ్బుకి గిన్నెల సబ్బులు ఎన్నొస్తాయో మీరే లెక్కేసుకోండి.

ఓపికున్నవాళ్లకి బయో ఎంజైమ్ ఉంది. బెల్లం ఒక పాలు, బత్తాయి తొక్కలు మూడు పాళ్లు, నీళ్లు పది పాళ్లు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూడు నెలలు ఊరబెట్టాలి. మొదటి నెల మూత తీసి గ్యాస్ వదలడం మరిచారో, బాల్కనీలో దీపావళే. బెల్లం పులిసి సారా లక్షణాలు పట్టి, ఆ పైన ఇంకా పులిసి, చివరికి చేతికొచ్చేది వెనిగర్‌కి మేనత్త కొడుకు. పాపం, కాస్త బత్తాయి వాసన మాత్రం వేస్తుంది.

ఆ పులుపుని పట్టుకెళ్లి కడప బండల మీదా తాండూరు బండల మీదా చల్లమనేవాళ్లని మాత్రం క్షమించలేను. రెండూ సున్నపురాళ్లే. నిమ్మరసమైనా వెనిగరైనా వాటి నునుపుని తినేస్తుంది. పాలరాతిదీ అదే గతి. ఇంకొందరైతే 'డబుల్ పవర్' అంటూ బ్లీచింగ్‌లో వెనిగర్ కలపమంటున్నారు. అందులోంచి వచ్చేది క్లోరిన్. 1915లో యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలిన వాయువుని తలుపేసిన బాత్రూములో పీల్చమని సలహా ఇస్తూ, కింద పచ్చటి ఆకు బొమ్మ పెడుతున్నారు.

ఎదురు మాట్లాడితే "మన అమ్మమ్మలు వాడినవే కదండీ" అంటారు. నిజమే, వాడారు. చింతపండుతో తోమిన ఇత్తడి బిందె మెరిసిందంటే అందులో సగం పులుపుది, సగం అమ్మమ్మ మోచేతిది. ఈ వీడియోల్లో కావలసిన పదార్థాల జాబితాలో ఆ మోచెయ్యి ఎక్కడా కనపడదు. "ఇప్పుడు బాగా రుద్దండి" అన్న మాట వినపడీ వినపడకముందే తళతళలాడే స్టవ్వు ప్రత్యక్షమవుతుంది. మధ్యలో కత్తిరించేసిన ముక్కలో స్టీలు పీచూ, సగం అరిగిన పచ్చ సబ్బుబిళ్లా, జీతం పెంచమని సంక్రాంతి నుంచి అడుగుతున్న పనమ్మాయీ ఉన్నారు.