తరుగు పోను మిగిలింది

మన రాష్ట్రంలో వేళకి పనిచేసే శాఖ ఏదైనా ఉందంటే అది బంగాళాఖాతం ఒక్కటే. తుపానుల రోజులు రాగానే ఠంచనుగా దస్త్రం విప్పుతుంది. ఉప్పాడలో కిందటేడు ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెడుతుంది. నాలుగు కొబ్బరిచెట్లు, అరవీధి, కాకినాడ వెళ్ళే రోడ్డులో ఓ ముక్క. సంతకం కోసం ఏ బల్ల ముందూ చేతులు కట్టుకు నిలబడదు.

పైగా రసీదు కూడా ఇస్తుంది. తుపాను వెలిసిన మర్నాడు ఒడ్డున బంగారు నలుసులు పారేసి పోతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను తీరం దాటింది పుదుచ్చేరి దగ్గర. బంగారం దొరికింది ఇక్కడ, ఉప్పాడ ఇసుకలో. ఊరంతా ఒడ్డుకి చేరింది. ఆడవాళ్ళు, పిల్లలు, వేటకి వెళ్ళలేని మగవాళ్ళు గొంతుక్కూర్చుని తల దువ్వుకునే దువ్వెనలతో ఇసుకకి పాపిడి తీశారు. పూసంత దొరికితే పండగ, ఆవగింజంత దొరికితే ఆ పూట బియ్యం.

ఆ వెనకాలే కెమెరాలు దిగాయి. సముద్రుడు కరుణించాడన్నారు, కనకవర్షమన్నారు. ఈ బంగారం ఎక్కడిదని అడిగి, జవాబు కూడా తామే చెప్పేసుకున్నారు: పిఠాపురం రాజావారి కోటలు మునిగాయట, వెనకటి గుళ్ళు మునిగాయట, ఎప్పుడో ఓడ మునిగిందట. మునిగినవాటి జాబితాలో రాజులూ దేవుళ్ళూ ముందు వరసలో కూర్చున్నారు. పెంకుటిళ్ళకి చోటు చాల్లేదు.

ఓడదే అయితే ఎంత బాగుండేది! మునిగిన ఓడకి మనం సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. రాజులు పోయారు, వాళ్ళ తరఫున అర్జీ పెట్టేవాడు లేడు. చిక్కంతా ఇళ్ళతోనే. ఇల్లు పోయినవాడు ఇంకా బతికే ఉంటాడు, ఓటరు జాబితాలో కూడా ఉంటాడు, పోయినేడే కదండీ అని తారీఖు సహా చెబుతాడు.

మన ఇళ్ళలో బంగారం ఎక్కడెక్కడ ఉంటుందో తెలియని తెలుగువాడు లేడు. శంకుస్థాపన నాడు నవధాన్యాలతో పాటు ఓ బంగారు నలుసు గోతిలో వేస్తాం. గడప కింద మరో నలుసు. పిల్ల ముక్కుపుడక చూరులో జారిపోతుంది, చెవి దుద్దు శీల తూములో పడుతుంది, ముసలమ్మ గుండ్లపేరు కుండలో దాక్కుంటుంది. నాలుగు తరాలు కాపురం చేసిన వీధిని సముద్రం తీసుకెళితే ఇవన్నీ దానితోనే వెళతాయి. ఇసుక నీటికి రెండున్నర రెట్లు పైచిలుకు బరువైతే బంగారం పంతొమ్మిది రెట్లు బరువు. తుపాను కెరటం తేలిక ఇసుకని కడిగి ఎత్తుకుపోతే, బరువున్నది అడుగున పడి మిగులుతుంది. కంసాలి కొట్టు ముందు తుక్కు ఊడ్చుకెళ్ళి, కడిగి, రవ్వంత బంగారం తీసేవాణ్ణి పాతరోజుల్లో జలగడుగువాడు అనేవారు. ఇప్పుడా వృత్తి సముద్రం చేపట్టింది. కాకపోతే కొట్టు ఊడ్వడం కాదు, కొట్టునే ఎత్తుకుపోవడం.

మన నగల దుకాణాల తరుగు, మజూరీ చూసి గుండె పట్టుకునేవాళ్ళు ఒక్కసారి ఉప్పాడ కాటా చూడాలి. ఇల్లంతా ఇస్తే గురిగింజలో వీసం తిరిగొస్తుంది. మిగతాదంతా తరుగే. అయినా ఖాతాదారులు కిక్కురుమనరు. వేరే కొట్టు లేదు.

ఇంతకీ సముద్రానికి అంత ఆకలి ఎందుకు? కోపం వచ్చిందంటారు. గంగమ్మకి కోపమైతే మొక్కు తీర్చి ఊరుకోవచ్చు, బడ్జెట్టులో రాయక్కర్లేదు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక పడుకుంది. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది; దారిలో రేవు కోసం రాళ్ళు పేరిస్తే, ఓడల కోసం కాలవ తవ్వితే ఆ నడక ఆగుతుంది. రేవుకి ఉత్తరాన ఉన్న ఊరికి రావలసిన ఇసుక రాదు, పోవలసింది మాత్రం పోతూనే ఉంటుంది. ఇది బాకీ లెక్క. బాకీదారుడి పేరు చెప్పాల్సొస్తుందని మనం దాన్ని భక్తి ఖాతాలో రాసుకున్నాం.

ఏమీ చెయ్యలేదంటే కళ్ళు పోతాయి. జియోట్యూబు వేశారు. అంటే గుడ్డతో కుట్టిన కొండచిలువంత సంచిలో ఇసుక కూరి ఒడ్డు పొడవునా పడుకోబెట్టడం. ఇసుక ఎత్తుకుపోయే దొంగకి ఇసుకనే మూట కట్టి గుమ్మంలో పెట్టాం. దొంగ మొహమాటపడతాడనుకున్నాం గాబోలు. వాడు సంచి కూడా చింపాడు.

ఇలా ఉండగా మా తోడల్లుడు హైదరాబాదు నుంచి దిగాడు, చేతిలో మెటల్ డిటెక్టరుతో. విమానాశ్రయంలో మన నడుం తడిమే యంత్రానికి పొడుగు కర్ర, చివర పళ్ళెం తగిలించినట్టుంటుంది. ముప్పై ఆరు వేలు. చెవులకి రెండు డిప్పలు. పాశ్చాత్య దేశాల్లో పెద్దమనుషులు ఆదివారం పూట బీచిలో దీనితో పాత నాణేలూ ఉంగరాలూ ఏరుతుంటారని వీడియోల్లో చూశాడు. మన దగ్గర దువ్వెనతో వెతికితే దరిద్రం, యంత్రంతో వెతికితే అభిరుచి.

"అన్నయ్యా, పళ్ళెంలో తీగచుట్ట ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రం పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో కరెంటు సుడులు తిరుగుతుంది. అది తెలిసి ఇది కూస్తుంది" అన్నాడు.

కూసింది. అడుగు వేస్తే కూసింది, ఆగితే కూసింది. ఉప్పునీళ్ళలోనూ కరెంటు పారుతుంది కదా, తడి ఇసుక మీదికి వెళ్ళగానే దానికి పూనకం వచ్చింది. మన తీరంలో నల్ల ఇసుక చారలుంటాయి, నిండా ఇనుప ఖనిజం. అక్కడైతే కంఠం ఆపనే లేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తవ్వి అతగాడు సాధించిన నిధి: సీసా మూతలు పదిహేడు, సిగరెట్టు పెట్టె రేకు, ఓ చేపల వల సీసం గుండు, రూపాయి బిళ్ళ ఒకటి. పక్కన ఓ ముసలమ్మ విరిగిన పళ్ళ దువ్వెనతో అప్పటికే రెండు నలుసులు చీర కొంగున ముడేసింది. అంత చిన్న నలుసు ఆ యంత్రానికి వినబడదట. ఆవిడ కంటికి కనబడుతుంది.

"చట్టప్రకారం చూస్తే ఆవిడ చేసేది నేరం తెలుసా?" అన్నాడు తోడల్లుడు, ఉక్రోషం ఆపుకోలేక.

అతను చెప్పేదాకా నాకూ తట్టలేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం మన నెత్తిన ఇంకా చల్లగానే ఉంది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకి రాసి తెలపాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తారీఖున. తెలపకపోతే ఏడాది దాకా జైలు. ఆ రోజుల్లో పది రూపాయలున్నవాడు ఓ ఆసామీ. గ్రాము బంగారం పది వేలు దాటిన ఈ రోజుల్లో పది రూపాయలంటే మిల్లీగ్రాము. అంటే ముసలమ్మ కొంగు ముడికి రెండు అర్జీలు.

కెరటం కక్కినది నేలలో దాగిన నిధి కిందికి వస్తుందా రాదా అన్నది ప్లీడర్ల భోజనం, వాళ్ళకే వదిలేద్దాం. వస్తుందనే అనుకుందాం. అప్పుడు కలెక్టరుగారు ప్రకటన వేస్తారు: ఈ నలుసు మాదే అనేవాళ్ళు ఫలానా రోజు హాజరు కావాలి. ఆ రోజు నాలుగు నెలల లోపు ఉండకూడదు, ఆరు నెలలు దాటకూడదు. హక్కుదారు ఎవరు? ఇల్లు పోయిన ముసలమ్మ. దొరికింది ఎవరికి? ఆవిడకే. దాచి నూరేళ్ళు కాలేదు, నేనే దాచానని ఎవరైనా అంటే సివిల్ కోర్టులో దావా వేసి రుజువు చేసుకొమ్మని వాయిదా వెయ్యాలట. కాబట్టి దొరికించుకున్న ముసలమ్మ మీద పోగొట్టుకున్న ముసలమ్మ దావా వెయ్యాలి. సాక్ష్యానికి ఇంటి పట్టా చూపించవచ్చు. పట్టా పెట్టెలో భద్రంగానే ఉంది. అందులో రాసిన హద్దులకి మాత్రం ఇప్పుడు తూర్పున సముద్రం, పడమర సముద్రం.

పది రూపాయల దాకా ఇంత నిఘా పెట్టిన ప్రభుత్వానికి వీధికి వీధే పోతే తెలపాల్సిన గడువు గురించి మాత్రం ఏ చట్టమూ గుర్తు రాదు. దొరికితే కబురు పెట్టాలి, పోతే పెట్టక్కర్లేదు.

పొద్దు వాలుతుంటే యంత్రం ఒక్కసారి స్పష్టంగా, గంట కొట్టినట్టు కూసింది. తోడల్లుడు మోకాళ్ళ మీద పడి మూరెడు తవ్వాడు. పచ్చబారిన ఇత్తడి గొళ్ళెం వచ్చింది, సగం పైగా ఉప్పు తిన్నది.

"డచ్చివాళ్ళది! కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు ఉండేవారు కదా అన్నయ్యా, వాళ్ళ కోఠీ తలుపుది అయ్యుండాలి. దీన్ని కొనేవాళ్ళున్నారు!"

ముసలమ్మ చెయ్యి చాచి గొళ్ళెం తీసుకుంది. కొంగుతో తుడిచి, ఓ పక్కన పడ్డ నొక్కు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"డచ్చోళ్ళు ఎవరో నాకు తెలవదు బాబూ. ఈ నొక్కు మా ఆయన సుత్తితో కొట్టింది. తాగొచ్చిన రేత్రి."

తోడల్లుడు కాస్సేపు నీళ్ళు నమిలి, "పోనీ నువ్వే తీసుకో మామ్మా" అన్నాడు.

ఆవిడ గొళ్ళెం అతని చేతిలో పెట్టేసి మళ్ళీ ఇసుకలో దువ్వెన దింపింది.

"మీరే ఉంచుకోండి బాబూ. తలుపు దొరికితే మాత్రం కబురెట్టండి."